మడత విప్పని చీరలు

నా డైరీలో జూన్ పన్నెండు, గురువారం పేజీలో ఇలా ఉంది: "పదీ ఇరవైకి వస్తానని పదీ నలభైకి వచ్చింది. లాప్‌టాప్, గడ్డం ఆనించుకునే స్టాండు, మూడు పేజీల కాగితాలు. సంతకం పెట్టలేదు."

వచ్చినామె ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల. తండ్రికి ఇప్పుడు ఎరువుల కొట్టు ఉందట. భవానీపురంలో మా ఇల్లు కనుక్కోవడానికి రెండు సందులు తిరగాల్సి వచ్చిందని, అందుకే ఆలస్యమైందని చెప్పింది. మెయిన్ రోడ్డు మీంచి మా ఇంటికి ఒకటే మలుపు. అది కూడా రాసుకున్నాను.

"మీ చూపు గురించి చాలా విన్నానండీ, అమ్మమ్మగారూ," అంది కూర్చుంటూనే.

"నేను నీకు అమ్మమ్మని కాను. ఎవరు చెప్పారు?"

"సంఘం సెక్రటరీగారండీ."

అప్పుడే నాకు అనుమానం మొదలైంది. సెక్రటరీ నా గురించి మంచిగా చెప్పాడంటే దాని వెనక ఏదో పని ఉంటుంది.

నేను ఒక చేనేత సహకార సంఘంలో ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు తనిఖీ బల్ల దగ్గర పనిచేశాను. సభ్యులు నేసి తెచ్చిన చీర చేత్తో నేసిందేనా, మరమగ్గం మీద తయారైందా, ఎక్కడైనా తప్పుందా అని తేల్చడం నా పని. నేను సరే అంటేనే దానికి చేనేత ముద్ర పడుతుంది. రిటైరయ్యాక కూడా మంగళవారాలు నన్నే రమ్మంటున్నారు. విజయవాడ బస్టాండ్ నుంచి గంటా పది నిమిషాల ప్రయాణం. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున డాబా ఎక్కి ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు లెక్కపెట్టి, ఎన్ని తేటగా కనిపించాయో రాసుకుంటాను. మంచు పట్టిన రోజు మంచు అని రాస్తాను. నా కన్ను ఎలా ఉందో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

బల్ల దగ్గర పద్ధతి కూడా నేనే రాసిపెట్టాను. చీర మొత్తం విప్పాలి. కిటికీ వెలుతురుకి ఎదురుగా వాలు బల్ల మీద పరచాలి. అయిదు చోట్ల చూడాలి. మళ్ళీ మడవాలి. చీరకు నాలుగు నిమిషాలు. ముఖ్యంగా చూడాల్సింది అంచు. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక బద్ద బిగిస్తారు, దాని రెండు చివర్లా సూదులుంటాయి. నాలుగు వేళ్ళ మేర నేశాక బద్దను తీసి ముందుకు జరుపుతారు. అందుకని చేత్తో నేసిన చీర అంచుల్లో సూది గుర్తులు జట్లు జట్లుగా, ఒక్కో జట్టూ ఒక్కో దూరంలో ఉంటాయి. మరమగ్గంలో ఆ పని తిరిగే చక్రం చేస్తుంది కాబట్టి గుర్తులు అంచు పొడవునా ఎడతెగకుండా పోతాయి. ఇది తెలుసుకోవడానికి కళ్ళద్దాలు చాలు.

పదిహేడో నంబరు మగ్గం సంగతి ఇక్కడే చెప్పాలి. ఆ మగ్గం మీద నేసేది యాభై ఏళ్ళ ఆవిడ. భర్తకి నడుము పడిపోయాక తనే మగ్గం గుంటలో దిగి నేతకి కూర్చుంది. కిందటి ఏడాది అక్టోబరు పదిహేను, నవంబరు పన్నెండు, డిసెంబరు పది, మూడూ మంగళవారాలే, ఆవిడ తెచ్చిన మూడు చీరలకి నేను రిజిస్టర్లో "మరమగ్గం" అని రాశాను. సంఘం నియమం ప్రకారం మూడుసార్లు అలా రాస్తే ఆ మగ్గానికి ఏడాదిపాటు ముద్ర ఆపేస్తారు. ముద్ర లేని చీర సంఘం కొనదు. డిసెంబరు పన్నెండున ఆవిడ భవానీపురం వెతుక్కుంటూ వచ్చింది.

"రెండూ ఈ చేతుల్తో నేసినవే, అక్కయ్యగారూ. చూడండి చేతులు."

"చేతులు నేను చూడను. బట్ట చూస్తాను."

"చూశారా?"

"చూశాను."

"నిజంగా చూశారా?"

నాకు కోపం వచ్చింది. "నువ్వొచ్చి నాకు చూడ్డం నేర్పాలా?" అన్నాను.

"మా ఇంటి బట్ట మీ కంటికి ఎందుకో ఆనదు," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. మగ్గం మీద దుప్పటి కప్పేసి, పక్కింటివాళ్ళకి నూలు కండెలు చుట్టిపెడుతోందని తర్వాత విన్నాను. ఆవిడ చెప్పింది నిజమైతే ఆ దుప్పటి కప్పింది నేను. నిజం కాదనే ఆరు నెలలూ అనుకున్నాను.

ఆ ఆరు నెలల తర్వాత వచ్చిందన్నమాట ఈ లాప్‌టాప్ అమ్మాయి.

"న్యూరల్ నెట్‌వర్క్ అంటారండీ," అని చెప్పడం మొదలుపెట్టింది. "కంప్యూటర్లో లెక్కల పొరలు. ఫోటో ఇస్తే మొదటి పొర సన్న గీతల్ని పట్టుకుంటుంది, తర్వాతది ఆ గీతలు కలిసిన ఆకారాల్ని, అలా పైపైకి పోయి చివరికి చేనేతా మరమగ్గమా అని చెబుతుంది."

"అంటే సంఘంలో నా బల్ల దగ్గర దీన్ని కూర్చోబెడతారా?"

"అయ్యో, నా పని అది కాదండీ. మనుషులు ఎలా చూస్తారో తెలుసుకోవడం నా పని. మీ తల తెరిచి చూడలేను కదా. దీన్నయితే తెరవొచ్చు. మీరూ అదీ ఒకే ఫోటోకి ఒకే జవాబు చెబుతుంటే, ఒకే చోట తప్పు చేస్తుంటే, మీ చూపు లోపల జరిగేదానికి ఇది కాస్త దగ్గరగా ఉందేమో అని వెతుకుతాం."

"నేను తప్పు చేస్తేనా?"

"అదే మాకు ఎక్కువ పనికొస్తుందండీ."

ఎదుటివాళ్ళ తప్పు తనకి పనికొస్తుందనే మనిషిని నేనెప్పుడూ నమ్మలేదు. కాగితాలు మూడు పేజీలూ చదివాను. రెండో పేజీలో నలభై నిమిషాలు పడుతుందని, మూడో పేజీలో సుమారు గంట అని ఉంది. దిద్దుకుని రమ్మని పంపేశాను.

పదహారో తేదీ సోమవారం దిద్దుకుని వచ్చింది, పది ఇరవైకే. తేదీ, టైము వేసి సంతకం పెట్టాను. ముందు గదిలో బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, ఇవతల స్టాండు బిగించి, గడ్డం దాని మీద ఆనించమంది.

"తెరకీ మీ కంటికీ యాభై ఏడు సెంటీమీటర్లు ఉండాలండీ. ఆ దూరంలో తెర మీద ఒక సెంటీమీటరు మీ కంటికి ఒక డిగ్రీ అవుతుంది."

నా టేపు తెచ్చి కొలిచాను. యాభై అయిదున్నర ఉంది. "నీ డిగ్రీలు కాస్త లావెక్కాయి," అన్నాను. నవ్వి లాప్‌టాప్ వెనక్కి జరిపింది.

తెర మీద మడతపెట్టిన చీర ఫోటో సెకనులో అయిదో వంతు కనిపిస్తుంది. వెంటనే నల్లచుక్కలు చల్లినట్టు అయిపోతుంది. చేనేత అయితే ఎడమ మీట, మరమగ్గం అయితే కుడి మీట. బట్ట తాకకుండా, విప్పకుండా, రెప్పపాటులో ఎలా తేలుస్తారని అడిగాను.

"తోచింది నొక్కండి, చాలు."

"తోచింది చెప్పే ఉద్యోగం కాదు నాది."

కానీ వేలు ఆగలేదు. రెండు వందల నలభై ఫోటోలు, ఇరవై ఆరు నిమిషాలు. ఎక్కడా తడుముకోలేదు. అది నాకు గర్వంగా అనిపించిందని ఒప్పుకోవాలి. లేచేముందు ఒకటి అడిగాను. సంఘంలో చీర ఫోటో తీసేటప్పుడు పక్కన మగ్గం నంబరు చీటీ పెడతారు. "నీ యంత్రం చీర చూడకుండా ఆ చీటీ చదివేస్తోందేమో?"

"ముందే కత్తిరించేశానండీ. నాకూ అదే భయం," అని కత్తిరించిన ఫోటోలు చూపించింది. ఇరవై చూశాను. నిజమే.

గురువారం ఫలితాలు పట్టుకొచ్చింది. రెండు వందల నలభైలో రెండు వందల పదకొండింటికి నేనూ యంత్రమూ ఒకే జవాబు చెప్పాం. అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. నాకు మాత్రం అది ఎక్కువనిపించింది. ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికి కూడా చూపు అంత కలవదు.

"దానికి ఎవరు నేర్పారు?" అన్నాను.

"సంఘం ఇచ్చిన పాత ఫోటోలండీ. వాటికి జవాబులు... మీ రిజిస్టర్లోవే."

"నన్నడక్కుండానా?"

"సెక్రటరీగారు అడిగానని చెప్పారండీ."

"నన్ను సెక్రటరీ అడిగింది ఒక్కటే, ఆధార్ కార్డు జిరాక్సు." కోపంతో నా గొంతు పెరిగింది. "అంటే ఇది నా కన్ను కాదు. నా రాత చూసి కాపీ కొట్టిన యంత్రం. నాతో కలవక ఏం చేస్తుంది?"

"అది నిజమేనండీ," అంది మెల్లగా. "అందుకే వేరే చీరలు కూడా కలిపాను. వేసవిలో మూడిళ్ళలో కూర్చుని, దారం నేనే ఇచ్చి, నా కళ్ళ ముందు నేయించిన చీరలు. అవి చేనేతని నాకు ఖాయంగా తెలుసు. వాటిలో ఆరింటిని మీరూ అదీ ఇద్దరూ మరమగ్గం అన్నారు."

"ఎవరిళ్ళు?"

"చెప్పకూడదండీ. కాగితంలో ఉంది. మీరు చదివారు."

చదివాను. రెండో పేజీ, నాలుగో పేరా. నువ్వు కూర్చున్నావని నమ్మేదెలా అంటే, మగ్గం మీద బట్ట పెరుగుతున్న వీడియో చూపించింది, మనుషుల ముఖాలు కనిపించకుండా. అనుమానించడానికి ఏమీ దొరకలేదు.

"ఇప్పుడు దీన్ని తెరిచి చూద్దామండీ," అని, ఆ ఆరింటిలో ఒక చీర ఫోటో పెట్టింది. చిన్న బూడిదరంగు ముక్కతో ఫోటోలో ఒక్కొక్క చోటా కప్పుతూ పోయింది. ఎక్కడ కప్పితే యంత్రం జవాబు మారుతుందో అది అక్కడే చూస్తోందని అర్థం. అంచు కప్పింది. మరమగ్గం అనే అంది. చీర నడుమ నేత కప్పింది. మరమగ్గమే. మడత గీటు కప్పింది. చేనేత అంది. ఆరు ఫోటోలకీ అంతే.

నేను గట్టిగా నవ్వాను. "బట్ట చూడమంటే మడత చూస్తోంది నీ యంత్రం! ఇస్త్రీ షాపులో పెట్టు, పనికొస్తుంది."

అమ్మాయి నవ్వలేదు. "ఆ ఆరింటికీ మీరూ అదే జవాబు చెప్పారండీ."

నేను మడత చూస్తానా? ముప్పై ఒక్క ఏళ్ళు అంచు చూడండి, అంచు చూడండి అని కొత్తవాళ్ళకి నేర్పినదాన్ని.

"నాకూ అలాగే కప్పు," అన్నాను.

"నేనే అడుగుదామనుకున్నానండీ. కోప్పడతారేమోనని..."

"సోమవారం రా. పది ఇరవైకి."

ఇరవై మూడో తేదీన మళ్ళీ గడ్డం స్టాండు మీద ఆనించాను. ముందు దూరం కొలిచాను, యాభై ఏడు. ఈసారి ఫోటోలు కలగాపులగంగా వచ్చాయి. కొన్నిటికి అంచు కప్పి ఉంది, కొన్నిటికి నేత, కొన్నిటికి మడత, కొన్నిటికి ఏదీ లేదు. ఆ యంత్రంలాంటిదాన్ని కానని చూపించాలని నా పట్టుదల. మడత వైపు చూడకూడదనుకుని కూర్చున్నాను. కానీ సెకనులో అయిదో వంతులో మనం అనుకున్నది జరగదు. నేను వద్దనుకునేలోపే వేలు నొక్కేసేది.

అయిపోయాక అంకెలు నాకే ఇమ్మన్నాను. పెన్సిలుతో నేనే కూడాను. ఆ ఆరు చీరలకి అంచు కప్పినా, నేత కప్పినా నా జవాబు మారలేదు. మడత కప్పితే ఆరింటిలో అయిదు చేనేత అయిపోయాయి. మళ్ళీ కూడాను. అంతే వచ్చింది.

"ఇది తప్పు కాదండీ," అంది అమ్మాయి. "మనిషి కన్ను అలాగే పనిచేస్తుంది. తొందరగా దేన్ని బట్టి తేలుతుందో దాన్నే పట్టుకుంటుంది. అది మనకి చెప్పదు."

"చెప్పకపోవడమే తప్పు," అన్నాను.

ఆ ఫోటోని పెద్దది చేయమని చాలాసేపు చూశాను. మా సభ్యులు చీరని మోకాళ్ళ మీద వేసుకుని నాలుగు మడతలు పెడతారు. అంచులు ఒకదాని మీంచి ఒకటి కాస్త జారి ఉంటాయి. ఇది అలా లేదు. అయిదు మడతలు, మూలకి మూల, గీటు కత్తిలా ఉంది. వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లో లోపల అట్ట పెట్టి ఇలా మడిచి, పైన బరువు పెడతారు. మరమగ్గం సరుకంతా ఆ మడతతోనే వస్తుంది. మా సంఘంలో ఎవరు ఇలా మడుస్తారు? ఆలోచించక్కర్లేకపోయింది. పదిహేడో నంబరు ఆవిడ కూతురు వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపులో పనిచేస్తోంది. అమ్మ నేసిన చీర అందంగా కనపడాలని ఆ పిల్ల మడిచి ఇచ్చేది.

ఆ మధ్యాహ్నం అమ్మాయి వెళ్ళాక రిజిస్టర్ నకలు తీశాను. సంఘంలో ఒకటి ఉంటే ఇంట్లో ఒకటి ఉండాలని మొదటి నుంచీ నా అలవాటు. అక్టోబరు పదిహేను, పండగ రద్దీ. అరవై నాలుగు చీరలు. మొదలుపెట్టింది పదీ పదిహేనుకి, ముగించింది పన్నెండూ నలభై అయిదుకి. నూట యాభై నిమిషాలు. అరవై నాలుగు నాలుగులు రెండు వందల యాభై ఆరు. అంటే అన్నీ విప్పలేదు. విప్పినదానికి నాలుగు నిమిషాలు, విప్పకుండా చూసి రాసినదానికి అర నిమిషం వేసుకుంటే, ఎక్కువలో ఎక్కువ ముప్పై మూడు విప్పి ఉంటాను. ముప్పై నాలుగోది విప్పితే నూట యాభై ఒకటి అయిపోతుంది. మిగతా ముప్పై ఒకటీ మడత మీదే చూశానన్నమాట.

చేనేత కాదనిపించిన చీరనైనా విప్పి ఉంటాను కదా అనుకుని పక్క గడి చూశాను. విప్పి చూసిన ప్రతిదానికీ తప్పు ఎక్కడుందో రాయడం నా అలవాటు. "కుడి అంచు, రెండో గజం" అలా. పదిహేడో నంబరు దగ్గర ఒక్క మాటే ఉంది, "మరమగ్గం" అని. నవంబరు పన్నెండు, యాభై ఎనిమిది చీరలు, నూట ముప్పై నిమిషాలు. పదిహేడు దగ్గర మళ్ళీ ఆ ఒక్క మాటే. డిసెంబరు పది, ఇరవై రెండే చీరలు, నూట ఇరవై నిమిషాలు. ఆ రోజు అన్నీ విప్పడానికి టైముంది. ఆ గడిలో "మరమగ్గం, సూది గుర్తులు ఎడతెగకుండా, కుడి అంచు మొదటి గజం నుంచి" అని ఉంది.

ఇన్నేళ్ళూ ఇతరుల మీద పెట్టిన అనుమానం ఆ రోజు నా మీదికి తిరిగింది. అది ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు.

మర్నాడు మంగళవారం. బల్ల దగ్గర కూర్చోకముందే, ముద్ర పడని చీరలు ఏడాదిపాటు మూటకట్టి ఉంచే బీరువా తెరవమన్నాను.

"ఎందుకండీ అమ్మగారూ, అయిపోయిన కేసు?" అన్నాడు సెక్రటరీ.

"విప్పాలి."

వాలు బల్ల మీద అక్టోబరు చీర పరిచాను. మొదటి గజంలోనే సూది గుర్తులు జట్లుగా కనిపించాయి. మూడో గజంలో ఒక చోట పేక, అంటే అడ్డం దారం, కాస్త దట్టంగా పడింది. అక్కడ ఆపి, లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్న చెయ్యి అది. నవంబరుది కూడా చేనేతే. డిసెంబరుది విప్పాను. అంచు పొడవునా గుర్తులు, ఎడం లేదు. ఉత్త మరమగ్గం.

"మొదటి రెండూ నా తప్పు. ముద్ర తిరిగి ఇవ్వాలి," అన్నాను.

సెక్రటరీ నన్ను అనుమానంగా చూశాడు. "ఎవరైనా వచ్చి బతిమాలారా ఏంటి?"

"వచ్చింది. డిసెంబరులో. నేను వినలేదు."

"మరి మూడోది మరమగ్గమే అంటున్నారుగా?"

"మరమగ్గమే. కానీ నియమం మూడుసార్లని. ఇక్కడున్నది ఒక్కసారి."

తల గోక్కున్నాడు. "ఇందుకేనండీ, ఆ అమ్మాయి యంత్రం ఏదో బల్ల దగ్గర పెట్టించేస్తే ఈ గొడవలుండవనుకున్నాను."

నా అనుమానం ఒక్క దాంట్లో అయినా నిజమైంది. "అది నా దగ్గరే నేర్చుకుంది బాబూ. నా గొడవే దానికీ ఉంది," అని, కాగితం తీసుకుని మూడు వాక్యాలు రాసి, తేదీ వేసి ఇచ్చాను. ఒకటో తేదీ కమిటీ మీటింగులో పెడతానన్నాడు. కాగితం అందినట్టు రసీదు రాయించుకున్నాను.

బల్ల పని ముగించుకుని పదిహేడో నంబరు ఇంటికి నడిచాను. ఆవిడ వసారాలో చక్రం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల గుంటలో మగ్గం, దాని మీద నీలం గళ్ళ దుప్పటి.

"ఏంటి అక్కయ్యగారూ, మా ఇల్లు కూడా తెలుసా మీకు?"

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. "అక్టోబరుదీ నవంబరుదీ నువ్వు నేసినవే. నేను విప్పకుండా రాశాను. తప్పు నాది. రాసిచ్చి వచ్చాను."

చక్రం తిరుగుతూనే ఉంది. "మరి డిసెంబరుది?"

"అది మరమగ్గం. ఆ రోజూ విప్పే చూశాను, ఇవాళా విప్పే చూశాను."

చక్రం ఆగింది. నా వంక చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అది మాత్రం కరెక్టండీ. మా అమ్మాయి షాపులోదే. రెండుసార్లు నేసింది తెస్తే మరమగ్గం అన్నారు. సరే, మూడోసారి మరమగ్గందే తెస్తే చేనేత అంటారేమో, అప్పుడు అందరి ముందూ విప్పి అడుగుదామనుకున్నా."

"నాకు పరీక్ష పెట్టావా?"

"మీరు మాకు ముప్పయ్యేళ్ళుగా పెట్టట్లా?"

అప్పుడు గుర్తొచ్చింది. భవానీపురం వచ్చిన రోజు ఆవిడ మాట నా డైరీలో ఉంది: "రెండూ నేసినవే." మూడూ అనలేదు. రాసుకున్నదాన్నే కానీ విన్నదాన్ని కాదు.

"ఆ రోజు ఇరవై రెండు చీరలే వచ్చాయి," అన్నాను.

"అదీ నా ఖర్మ. రద్దీ రోజు చూసుకుని తేవాల్సింది," అని పీట ముందుకు తోసింది. కూర్చున్నాను. మంచినీళ్ళు ఇచ్చింది. తాగాను.

ఆ ఇంటికి లాప్‌టాప్ అమ్మాయి వేసవిలో వచ్చిందా అని ఆవిడని అడగలేదు. రెండో పేజీ, నాలుగో పేరా.

తర్వాత అమ్మాయి దొరికిన చీరలన్నిటినీ విప్పి, పరిచి, కొత్తగా ఫోటోలు తీసి యంత్రానికి ఇచ్చింది. దానికి ఏమీ తెలియలేదట, కళ్ళు మూసుకుని నొక్కినట్టే ఉందట. నేను విప్పిన ఫోటోలకి బాగానే చెప్పాను. "చూశారా, మనిషి చూపు మార్చుకోగలడండీ," అని సంబరపడింది. నాకు ఆ సంబరం మీదా నమ్మకం లేదు. ఇప్పుడు మడత అక్కర్లేదని నాకు తెలుసు కాబట్టి, నా కన్ను నాకు చెప్పకుండా ఇంకోదాన్ని పట్టుకుని ఉంటుంది. అది ఏమిటో వెతకమన్నాను. వెతుకుతానంది. వెళ్ళేటప్పుడు అమ్మమ్మగారూ అని పిలిచింది. దిద్దలేదు.

రెండున్నర నెలలుగా ఇంట్లో ఉన్న పాత రిజిస్టర్లు తీసి చూస్తున్నాను. రోజుకి ఎన్ని చీరలు, ఎన్ని నిమిషాలు, "మరమగ్గం" అని రాసి తప్పు ఎక్కడుందో రాయనివి ఎన్ని. పన్నెండేళ్ళవి అయ్యాయి, నూట నలభై మూడు తేలాయి. వాటిలో నిజంగా మరమగ్గంవి ఎన్నో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు; ఆ చీరలు లేవు, మగ్గాలు కూడా చాలావరకు లేవు. పందొమ్మిదేళ్ళవి ఇంకా చూడాలి. రోజుకి రెండు నెలలకి మించి చూడలేకపోతున్నాను. కళ్ళు నొప్పి పుట్టి కాదు.

డైరీ వెనక్కి తిప్పితే, జూలై ఎనిమిది, మంగళవారం. కమిటీ ముద్ర తిరిగి ఇచ్చిన తర్వాతి వారం. బల్ల దగ్గర పదకొండు మంది వరసలో ఉన్నారు. రిజిస్టర్లో కొత్త గడి గీశాను, విప్పిన టైము, మడిచిన టైము అని. పదిహేడో నంబరు ఆవిడ వంతు వచ్చింది. చీరని మడత లేకుండా, భుజం మీద కండువాలా వేలాడేసుకుని వచ్చి, నా ముందు వాలు బల్ల మీద పరిచేసింది.

"విప్పే తెచ్చానక్కయ్యగారూ, మీకు శ్రమ ఎందుకని."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తల ఎత్తలేదు. అయిదు చోట్ల చూశాను. మళ్ళీ మొదటి గజానికి వచ్చి ఆరో చోట కూడా చూశాను. నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది. గడిలో "సరి" అని రాసి, ముద్ర ఆవిడ చూస్తుండగా నేనే వేశాను.